పేరు పిలిచే నోరు

ఆవిడ పోయిన కబురు వచ్చేసరికి ఆవిడ దవడ నా చేతిలో ఉంది.

కంగారు పడకండి, ప్లాస్టర్ దవడ. గుంటూరులో ఒక పళ్ళ ఆసుపత్రి మేడమీద ముప్పై అయిదేళ్ళుగా కట్టుడు పళ్ళు చేస్తున్నాను. నోట్లోంచి అచ్చు తీసి అందులో ప్లాస్టర్ పోస్తే మనిషి దవడ అచ్చంగా దిగుతుంది. అలాంటివి నా అలమర నిండా ఉన్నాయి. వాటి సొంతదారుల్లో సగంమంది ఈపాటికి లేరు. నిన్న పొద్దున చోటు చాలక, పాతవి పారేద్దామని కూర్చున్నాను. వెనక అరలోంచి ఒకటి చేతికొచ్చింది. అడుగున రాసిన పేరు చూడాల్సిన పని లేకపోయింది. అరిగిన చెప్పులా అంత చదునుగా ఉండే కింది దవడ నా సర్వీసులో ఒక్కటే చూశాను. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

"సాయిబు గారేనా అండీ? మా పిన్ని తెల్లారి పోయిందండి. మొదట మీకే చెప్పమంది," అన్నాడు అవతల ఆవిడ అక్క కొడుకు.

"ఎప్పుడు చెప్పమంది?"

"నిన్ననండి. రేప్పొద్దున చెయ్యి, ఆయన నా కోసమే వెతుకుతుంటాడు అంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. బతికున్నన్నాళ్ళూ చెవిలో జోరీగలా నా ప్రాణం తీసింది చాలక, పోతూ పోతూ కూడా ఇలాంటి మాట ఒకటి వదిలి పోవాలా? కోపం తెచ్చుకోకపోతే ఏడుస్తానని నాకు తెలుసు. అందుకే కాసేపు కోపంగానే కూర్చున్నాను, దవడ ఒళ్ళో పెట్టుకుని.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. పేరు రాసేది కాదు, పిలిచేది అనేది ఆవిడ. చదువు రాదు కాబట్టి అలా కోతలు కోస్తున్నావని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

పెదకాకాని దాటాక పొలాల్లోకి దిగే దారిలో వాళ్ళ ఊరు. ఊరి చివర చర్చివాళ్ళ సమాధుల దొడ్డి, దానికి ఒకవైపు పత్తి చేలు, ఇంకోవైపు మిరపకాయలు ఎండేసే కల్లం. ఆవిడ పత్తి తీతకీ మిరప కోతకీ కూలికి పోయేది. కానీ ఊళ్ళో ఆవిడ అసలు పని వేరు. ఎవరైనా పోతే, పాస్టరు గారి ప్రార్థన అయ్యాక ఆవిడ గోతికి తలవైపు నిలబడి, పోయినవాళ్ళని పేరు పెట్టి మూడుసార్లు పిలిచేది. పిలిచిన ప్రతిసారీ ఆగి వినేది. పలికితే పైకి తియ్యాలి, పలకకపోతేనే మట్టి. ఆవిడ తల్లీ పిలిచేది, ఆ తల్లి తల్లీ పిలిచేది. ఎప్పుడో ఒక మనిషిని తొందరపడి పూడ్చేశారని ఒక మాట ఉండేది. అది అడిగితే మాత్రం ఆవిడ పెదాలు బిగించేసేది.

ఏటా సమాధుల పండక్కి సమాధులన్నిటికీ సున్నం వేసేదీ ఆవిడే. పిడుగురాళ్ళ బట్టీల నుంచి వచ్చిన సున్నం రాళ్ళు కుండలో వేసి నీళ్ళు పోస్తే, కింద మంట లేకుండానే కుండ కుతకుతలాడుతుంది. అది ఉడికినంతసేపూ ఆవిడ చెవి దగ్గరపెట్టి వినేది. ఎవరైనా నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపేది. తర్వాత ఒక్కో సమాధి దగ్గర పేరు పిలిచి, అప్పుడే కుంచె తాకించేది. "పిలవకుండా ముట్టుకుంటే ఉలిక్కిపడతారయ్యా," అనేది, నిద్రపోయే పిల్లల సంగతి చెప్పినంత మామూలుగా. అన్ని పేర్లూ వరసగా ఆవిడ నోటనే ఉండేవి. ఎక్కడా రాసి లేవు.

పదిహేనేళ్ళ కిందట మొదటిసారి నా దగ్గరికి వచ్చింది. ఎక్కడో చేయించుకున్న కింది పళ్ళ సెట్టు గుడ్డలోంచి తీసి బల్లమీద పెట్టింది.

"పేరు పిలుస్తంటే ఎగిరి గోతిలో పడిందయ్యా సాయిబూ."

నేను నవ్వాను. "మరెవరు తీశారక్కా?"

"ఎవరు తీస్తారు? నేనే దిగా. ఆయన గుండెల మీద పడింది. ఏరుకున్నా." చేతిలోకి తీసుకున్న ఆ సెట్టుని గబుక్కున బల్లమీద పెట్టేశాను. ఆవిడ మాత్రం పమిటతో మొహం తుడుచుకుంటూ, "కడిగాలే," అంది.

ఆవిడకి నాలుగు సెట్లు చేశాను. నాలుగూ తేలిపోయాయి. నా పనితనం తక్కువై కాదు. పై సెట్టు అంగిలికి అతుక్కుంటుంది. కింది సెట్టు నిలవాలంటే చిగుళ్ళ కింద ఎముక గట్టులా ఉండాలి. పళ్ళు పీకించేశాక ఆ గట్టు ఏటేటా కరుగుతుంది. ఆవిడకి నలభై అయిదేళ్ళకే పళ్ళన్నీ పీకేశారట. నా దగ్గరికి వచ్చేసరికి గట్టు తెగిన చేనే మిగిలింది. పళ్ళు తీసి పిలుద్దామంటే గాలి పోయి ఒక పేరు ఇంకో పేరులా వస్తుందని ఆవిడ భయం. "ఒకర్ని పిలిస్తే ఇంకొకరు పలికారనుకో, ఎవరు పూచీ?" అనేది. ఇలాంటి మనిషికి పళ్ళు చేయడం కంటే కొరివితో తల గోక్కోవడం మేలు.

నాకు మధ్యాహ్నం అన్నం తిన్నాక ల్యాబులో బల్లమీద ఓ కునుకు తీయడం అలవాటు. ఆవిడ ఆ వేళకే వచ్చేది. లేపేది కాదు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా స్టూలు మీద, దవడల అలమరకి వీపు ఆనించి నన్నే చూస్తూ కూర్చుని ఉండేది. ఒకసారి అలాగే లేవగానే అడిగింది.

"నీకెంతమంది పిల్లలయ్యా?"

"ఇద్దరు కొడుకులు."

"అంతేనా?"

"అంతే. ఏం, ఇంకా ఎంతమంది కావాలి?" అని కసిరాను.

మూడున్నరేళ్ళ కిందట కింద ఆసుపత్రిలోకి ఒక కుర్ర డాక్టరమ్మ వచ్చింది. పై చదువు చదువుతోంది. దవడలోకి మరలు దింపి వాటిమీద పళ్ళు బిగించే వైద్యం. పరీక్షలో చూపించడానికి ఎముక బాగా కరిగిపోయిన దవడ కావాలంటే నేనే ఈవిడ సంగతి చెప్పాను. ఊరికే చేస్తానంది. ఎక్స్‌రే తీసి కంప్యూటర్లో చూపించింది. ఆవిడ తెరమీద తన పుర్రెని చాలాసేపు చూసి నా మోచేయి పొడిచింది.

"నా పేరు పెట్టి పిలువు సాయిబూ. పలుకుద్దేమో చూద్దాం."

డాక్టరమ్మ పకపకా నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

"అమ్మా, మరలకి పట్టు చాలదు," అంది డాక్టరమ్మ. "ముందు ఎముక పొడి వేసి ఆరు నెలలు ఆగుదాం. అది మీ ఎముకతో కలిసి గట్టిపడుతుంది. తర్వాత మరలు, ఆ తర్వాత పళ్ళు. ఇంక కదలవు."

"ఎముక పొడా? ఎవరిది?"

"చనిపోయినవాళ్ళు దానం చేసింది. బాగా శుభ్రం చేసి సీసాలో పంపుతారు."

"అదేనమ్మా, ఎవరిది అంట?"

"పేర్లు చెప్పరమ్మా."

ఆవిడ లేచి కొంగు బిగించింది. "పేరు తెలీని మనిషిని నోట్లో ఎట్టా పెట్టుకోను?" అని మెట్లు దిగిపోయింది. నేను వెనకాలే పరిగెత్తాను. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయయితేనేం అంటారు, పెట్టించుకోవడానికి ఏ ఎముకయితేనేం అన్నాను. ఆవిడ వెనక్కి తిరిగి, "రాయికి పేరుండదు. మనిషికి ఉంటది," అంది.

మూడు వారాలకి తనే వచ్చింది. మనిషి సగం అయింది. ఆ వారంలో ఊళ్ళో ఒక పదేళ్ళ పిల్లాడు పోయాడట. ఆవిడ పిలుస్తుంటే ఆ తల్లి "మా వాడి పేరు అది కాదమ్మా, సరిగ్గా పిలువమ్మా," అని కాళ్ళమీద పడిందట. మూడుసార్లు పిలిచినా మూడుసార్లూ తప్పే వచ్చిందట. ఆ పిల్లాడికి తన పేరు వినపడకుండానే మట్టి వేసేశారు.

"నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు చెడి ఊరి పాపం నాకు చుట్టుకుంది," అంది. "ఎవరో మహాతల్లి ఎముకిస్తానంటంది. తీసుకుంటా. పేరు నేనే కనుక్కుంటా."

"ఎవర్నడిగి కనుక్కుంటావు?"

"ఆవిడనే."

ఆపరేషన్ అయిపోయిన సాయంత్రం డాక్టరమ్మ నా దగ్గరికి వచ్చి నెత్తిన బండ పెట్టి పోయింది. ఆ సీసా సమయానికి రాలేదట. మందుల కంపెనీలో తయారుచేసే పొడి వాడేసిందట. "ఎముక కాదండీ, ఒక రకం సున్నం అనుకోండి. అది కూడా బాగానే పనిచేస్తుంది. ఒప్పుకోలు కాగితం మార్చాను, ఆవిడ వేలిముద్ర కూడా వేసింది. కానీ విని వేసినట్టు లేదు. మీరంటే గురి కదా, మీరు నిదానంగా చెప్పండి," అంది. చదువుకున్నవాళ్ళు ఎంత సులువుగా తప్పుకుంటారో చూడండి. సరేనన్నాను, బుద్ధిలేక.

మొదటి నెల ఆవిడ దవడ వాపుతో వచ్చింది. "అడుగుతున్నా. పలకటంలా," అంది. చెబుదామనుకున్నాను. నొప్పిలో ఉంది కదా, తర్వాత చెప్పొచ్చని ఊరుకున్నాను. నాలుగో నెలలో వచ్చినప్పుడు మొహం వెలిగిపోతోంది.

"ఒక పేరు వస్తందయ్యా. పొద్దున పేర్ల వరస చెప్పుకుంటంటే ఆఖర్న దానంతట అదే నోట్లోకి వస్తంది. మా ఊళ్ళో లేని పేరు. ఆడపిల్ల."

"ఏం పేరు?"

"ఇంకా గట్టిగా తెలీకుండా పిలవకూడదు."

అక్కా, నీ నోట్లో ఉన్నది సున్నం, అందులో ఎవరూ లేరు. ఇంతే కదా మాట. నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మొహం చూశాక దాన్ని మింగేశాను. ఎవరూ లేని చోటు నుంచి వచ్చే ఆ పేరు ఎవరిది?

మరల మీద నేను చేసిన పళ్ళు బిగించిన రోజు పక్కనే ఉన్నాను. అద్దం ఇస్తే వద్దంది. కుర్చీలో నిటారుగా కూర్చుని తన ఊరి సమాధుల పేర్లు వరసగా పిలవడం మొదలుపెట్టింది. ఒక్కో పేరూ గంట కొట్టినట్టు వచ్చింది. పక్క గదిలో మిషను ఆగింది. బయట బెంచీల మీద జనం మాటలు ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో ఒక పేరుకి బయటనుంచి ఎవరో ముసలాయన "ఆఁ, వస్తన్నా!" అని కేకేసి లోపలికొచ్చాడు. తన వంతు వచ్చిందనుకున్నాడు పాపం. ఆవిడ ఆయన్ని చూసి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ఆయన బతికున్నవాడేనని నేను రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఆ ఏడు సమాధుల పండక్కి వాళ్ళ ఊరు వెళ్ళాను. నిజం చెప్పేసి రావాలి, అంతే. డాక్టరమ్మ అప్పటికే వేరే ఊరు వెళ్ళిపోయింది. నిజం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. అసుర సంధ్య వేళ, పత్తి విచ్చి ఉంది. దూరం నుంచి తెల్లగా కనిపిస్తున్నది చేనో సమాధులో తెలియలేదు. ఆవిడ కుంచె పట్టుకుని వరసలో వస్తోంది. పిలుస్తోంది, ఆగుతోంది, సున్నం వేస్తోంది. నేను చెప్పులు విప్పి వెనకాలే నడిచాను.

వరస అయిపోయాక కంచె వార ఒక చోటికి తీసుకెళ్ళింది. ఇటుక ముక్కలు పేర్చి, చేతితో అలికిన చిన్న జాగా. పొడవు మూరెడు ఉంటుంది.

"ఇదెవరిదక్కా?"

"నాకు ఎముకిచ్చిన పిల్లది."

"ఎముకిచ్చేవాళ్ళు పెద్దవాళ్ళే అయ్యుంటారు కదా. ఇంత చిన్నదేంటి?"

"నేనూ పెద్దదే గీద్దామనుకున్నానయ్యా. ఎన్నిసార్లు కొలిచినా మూరెడే వస్తంది."

మోకాళ్ళమీద కూర్చుంది. కుంచె పక్కన పెట్టి ఆ పేరు పిలిచింది.

అది నా కూతురి పేరు.

ముప్పై ఏళ్ళ పైమాట. మూడు గంటలు బతికింది. నా భార్య ఇంకా ఆసుపత్రిలోనే మత్తులో ఉంది. తెల్లగుడ్డలో చుట్టి నేనే చేతుల్లో తీసుకెళ్ళాను. ఖబరస్తాన్‌లో పెద్దాయన "బిడ్డకి పేరేం పెట్టావురా?" అని అడిగాడు. "మూడు గంటలు బతికినదానికి పేరెందుకు?" అని అరిచాను. నిజానికి పేరు రెండు నెలల ముందే అనుకుని పెట్టుకున్నాను. పుట్టగానే చెవిలో చెబుదామని ఎవరికీ చెప్పలేదు, ఆఖరికి నా భార్యకి కూడా. ఆ తర్వాత ఇక చెప్పడానికి చెవి లేకుండా పోయింది. నా బిడ్డని ఎవరూ పిలవలేదు. ఎవరూ ఆగి వినలేదు. ఊరికే మట్టి వేసేశాం.

ఆవిడ రెండోసారి పిలిచింది. ఆగింది. చేలో ఆకు కదల్లేదు. మూడోసారి పిలిచింది. నా చెవులు నాకు తెలియకుండానే నేలవైపు వంగాయి. ఎంతసేపు ఆగామో తెలియదు. ఆవిడ కుంచె మాత్రం అందుకోలేదు.

"సున్నం వెయ్యవా?" అన్నాను.

"పలికిందీ లేందీ తేల్చుకోలేకపోతన్నా తమ్ముడూ. పసిది కదా, మాటలు రావు." అన్నాళ్ళలో ఆవిడ నన్ను తమ్ముడూ అన్నది ఆ ఒక్కసారే.

చెప్పడానికొచ్చిన నిజం చెప్పకుండానే చెప్పులు తొడుక్కున్నాను. ఆ పేరు నీకెలా తెలుసని కూడా అడగలేదు. అడిగితే ఏం చెబుతుందోనని భయం. తర్వాత ప్రతి ఏడూ పండక్కి వెళ్ళాను. ఇంట్లో సెట్లు ఇచ్చి వస్తానని అబద్ధం చెప్పేవాణ్ణి. ఆ మూరెడు జాగాకి ఆవిడ ఏనాడూ సున్నం వేయలేదు. నేను పట్టుకెళ్ళిన కొవ్వొత్తి వెలిగించనిచ్చేది, అంతే.

నిన్న సాయంత్రం ఆవిడని ఆ కంచె వారే దింపారు. అక్కడే కావాలని చెప్పిందట. పాస్టరు గారి ప్రార్థన అయింది. కుర్రాళ్ళు పారలు అందుకున్నారు.

"ఆగండి. పిలవరా?" అన్నాను.

"పిలిచేది ఆవిడేగా అండీ. ఇంకెవరున్నారు?" అన్నాడు అక్క కొడుకు.

నేను తలవైపు వెళ్ళి నిలబడ్డాను. టోపీ పెట్టుకున్న సాయిబుని అందరూ వింతగా చూశారు. చూసుకోనీ. ఆవిడ పేరు పెట్టి పిలిచాను. ఆగాను. మళ్ళీ పిలిచాను. పెదవుల సందున నేను చేసిన పళ్ళు కొంచెం కనిపిస్తున్నాయి, అంగుళం కదలకుండా. మూడో పిలుపుకి ముందు, నిజం చెబుతున్నాను, పలుకుతుందేమోనని భయంతో చచ్చాను. మూడోదీ పిలిచాక, పలకలేదని ఏడ్చాను. వంగి మెల్లగా చెప్పాను, "అక్కా, నీ నోట్లో వేసింది సున్నం. అందులో ఎవరూ లేరు. చెప్పనందుకు నన్ను క్షమించు." అప్పుడు మట్టి వేశారు.

ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుగుంది. నా భార్య వసారాలో చాటలో ఎండుమిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తోంది. ఎదురుగా కూర్చున్నాను. ముప్పై ఏళ్ళుగా నోరు దాటని పేరు తన ముందు పైకి అన్నాను. మన పాపకి నేను పెట్టుకున్న పేరు ఇదీ అన్నాను.

నా భార్య చెయ్యి ఆగలేదు. "తెలుసు," అంది.

"ఎలా తెలుసు?"

"నిద్దట్లో పిలుస్తారుగా. ఇప్పటిదాకా మీకు తెలీదా ఏంటి? పాప పోయిన నెల నుంచీ అంతే. మూడుసార్లు పిలుస్తారు. పిలిచి ఆగుతారు."

ల్యాబులో నా మధ్యాహ్నపు కునుకులు గుర్తొచ్చాయి. ఎదురుగా స్టూలు మీద, నన్ను లేపకుండా కూర్చున్న ఆ మనిషి గుర్తొచ్చింది. విని ఉంటుంది. మరి మూరెడని ఎవరు చెప్పారు? మూడుసార్లు పిలిచి ఆగాలని, ఆవిడ ఎవరో తెలియడానికి పదిహేనేళ్ళ ముందే నాకెవరు నేర్పారు? అవేమీ అడగడానికి ఇప్పుడు మనిషి లేదు.

"ముప్పై ఏళ్ళలో ఒక్కసారైనా చెప్పలేదేం?" అన్నాను. "పిలిచి, ఆగి, తర్వాత ఏం చేస్తాను?"

నా భార్య చాట పక్కన పెట్టి చేతులు దులుపుకుంది. కారపు చేతులతో కళ్ళు ముట్టుకోకుండా మోచేత్తో తుడుచుకుంది.

"ఎవరూ పలక్కపోతే లేచి కూర్చుని వెతుకుతారు. చూడలేక నేనే పలుకుతాను. 'ఆఁ నాన్నా' అంటాను. అప్పుడు పడుకుంటారు," అంది.